పాత చైన్‌సా బాగుచేద్దాం – 2వ పాఠం: తాడు వదిలి ప్లగ్గు విప్పండి

పోయిన పాఠంలో స్టార్టర్ తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాలిలో వేలాడదీశాం. తన బరువుకు తానే మెట్లు దిగినట్టు ఆగి ఆగి కిందికి దిగితే సిలిండర్‌లో ఒత్తిడి నిలుస్తున్నట్టు. బావిలోకి చేద జారినట్టు సర్రున జారిపోతే ఒత్తిడి పోయినట్టు. ఆ తర్వాత సైలెన్సర్ విప్పి, ఆ సందులోంచి టార్చి వేసి పిస్టన్ పక్క భాగం కూడా చూశాం. అక్కడ నిలువుగా లోతైన గీతలు కనిపించినవారు ఈ పాఠం చేయకండి. మీ రంపానికి పిస్టన్, సిలిండర్ మార్చాలి. ఆ పని 5వ పాఠంలో నేర్చుకుందాం. పిస్టన్ నున్నగా ఉన్నవాళ్ళు మాత్రం ఈ రోజే రంపాన్ని లేపబోతున్నారు.

ఈ పాఠాలకు నేను ముందు పెట్టుకున్నది మా మావయ్య రంపం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకూలాయి. దారికి అడ్డంగా, ఇళ్ళ మీద, బావుల మీద పడిన మానులను గొడ్డళ్ళతో తీయడం అయ్యే పని కాదు. ఆ నెలలోనే మావయ్య ఒక 58 సీసీ చైనా రంపం కొన్నాడు. రెండేళ్ళు బాగానే కోసింది. తర్వాత ట్యాంకులో పెట్రోలు ఉండగానే పశువులశాల అటక మీదికి చేరింది. ఇప్పుడు కళ్ళంలో జీడి దుంగలు ఎండి ఉన్నాయి. వంటచెరకు కావాలి. దించి చూస్తే లేవలేదు.

"భుజం పట్టేసింది అల్లుడూ. కొట్టులో చూపిస్తే కార్బొరేటర్ మొత్తం మార్చాలన్నారు. దీని పని అయిపోయింది" అన్నాడు మావయ్య.

ఆ కొట్టులో ప్లగ్గు విప్పి చూశారా అని అడిగాను. చూడలేదట.

రంపం లేవకపోతే మనం సాధారణంగా రెండు పనులు చేస్తాం. తాడు ఇంకా గట్టిగా లాగుతాం. పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్ మీద కనిపించిన స్క్రూలు తిప్పుతాం. ఈ రెండూ మానేయండి. చిన్న టూ స్ట్రోక్ ఇంజిన్ తిరగడానికి కావలసినవి మూడే: ఒత్తిడి, నిప్పురవ్వ, నూనె కలిసిన పెట్రోలు. ఒత్తిడి సంగతి పోయిన పాఠంలో తేలిపోయింది. మిగిలిన రెండింటిలో ఏది లేదో చెప్పగలిగేది ప్లగ్గు ఒక్కటే. అది సిలిండర్ లోపల ఉంటుంది, అక్కడ జరుగుతున్నదంతా దాని ఒంటి మీద రాసి ఉంటుంది. ఈ పాఠమంతా ఆ రాత చదవడమే.

ముందుగా పాత పెట్రోలు పారబోయండి

ట్యాంకు మూత తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కాకుండా వార్నిష్ లాంటి పుల్లటి ఘాటు వస్తే అది చెడిపోయినట్టు. నెలలు దాటి ఉన్నదైతే వాసన చూడకుండానే తీసేయవచ్చు. దాన్ని కాలువలోనో బావి దగ్గరో పోయకండి. డబ్బాలో పట్టి, మూతపెట్టి, దగ్గర్లోని మెకానిక్ షెడ్డులో ఇవ్వండి. అక్కడ పనిముట్లు కడగడానికి వాడతారు.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో, సగం ఖాళీ ట్యాంకులో, వర్షాకాలమంతా నిలవ ఉంటే ఆ తేమ పెరుగుతూ పోతుంది. ఒక హద్దు దాటాక నీళ్ళు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు చేరతాయి. రంపం ట్యాంకులో ఫిల్టర్ ఉండేది ఎక్కడ? అడుగునే. అంటే మీరు తాడు లాగినప్పుడు ఇంజిన్ ముందుగా తాగేది ఆ నీళ్ళనే. పైగా ఇథనాల్ సన్నటి రబ్బరు పైపులను, కార్బొరేటర్‌లోని పలచటి పొరలను గట్టిపడేలా చేస్తుంది. చాలా రంపాల మాన్యువల్స్‌లో ఇథనాల్ 10 శాతానికి మించకూడదని రాసి ఉంటుంది. మనకు దొరికేది ఇదే కాబట్టి, ఒక్కటి అలవాటు చేసుకోండి: పని అయిపోయాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగిపోయేదాకా నడిపి అప్పుడు దాచండి. మావయ్య రంపానికి ఈ ఒక్క పని చేసి ఉంటే ఈ రోజు మాకు పనే లేదు.

కొత్త పెట్రోలు లీటరు మాత్రమే తెచ్చుకోండి. అందులో కలపవలసింది టూ స్ట్రోక్ ఇంజిన్ల కోసం అమ్మే 2టీ నూనె. డబ్బా మీద జాసో (JASO) ఎఫ్‌బీ లేదా ఎఫ్‌సీ అనే నాణ్యత గుర్తు ఉందేమో చూడండి. బైకు ఇంజిన్‌లో పోసే 20డబ్ల్యూ40 నూనె ఇక్కడ పనికిరాదు. అది సరిగా కాలదు, మసి కడుతుంది. ఎంత కలపాలో రంపం మీద స్టిక్కర్ ఉంటే అదే మాట. చైనా 58 సీసీ రంపాల మీద ఎక్కువగా 25కు 1 అని ఉంటుంది, అంటే లీటరుకు 40 మి.లీ. పెద్ద కంపెనీల రంపాలు, వాళ్ళు చెప్పిన నూనె వాడితే, 50కి 1 అంటాయి, అంటే లీటరుకు 20 మి.లీ. స్టిక్కర్ చిరిగిపోయి ఏమీ తెలియకపోతే 40 మి.లీ. వైపే ఉండండి. నూనె కాస్త ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. పొగ నష్టం కాదు, పట్టేసిన పిస్టన్ నష్టం.

కొలతకు మందుల షాపులో 20 మి.లీ. సిరంజి కొనండి. సూది అక్కర్లేదు. అంచనాగా మూతతో పోసే పద్ధతి మానేయండి. ముందు సగం పెట్రోలు, తర్వాత నూనె, ఆ పైన మిగతా పెట్రోలు పోసి బాగా కుదపండి. మంచినీళ్ళ సీసాలో కలిపి ఇంట్లో పెట్టకండి. రంగు చూసి పిల్లలు తాగుతారు. ఆ ప్రమాదం మాటలతో సరిదిద్దేది కాదు. పెట్రోలుకు పనికొచ్చే డబ్బాలోనే కలిపి, పైన తేదీ రాసి, ఎత్తులో పెట్టండి. నెల దాటితే ఆ మిశ్రమం రంపంలో పోయకండి.

ఇక ప్లగ్గు

కొత్త మిశ్రమం పోసి, ప్రైమర్ బుడ్డిని, అంటే పెట్రోలును కార్బొరేటర్‌లోకి లాగే చిన్న మెత్తటి బుడ్డిని, ఏడెనిమిదిసార్లు నొక్కండి. స్విచ్ ఆన్ చేసి, చోక్ (లోపలికి పోయే గాలిని తగ్గించే మూత) మూసి, కింద 'లేపే పద్ధతి'లో చెప్పినట్టు ఆరుసార్లు లాగండి. లేచిందా, సంతోషం. లేవకపోతే ఏడోసారి లాగకండి. ప్లగ్గు క్యాప్ తీసి, ప్లగ్గు చుట్టూ ఉన్న పొట్టు, దుమ్ము బ్రష్షుతో శుభ్రంగా తుడవండి. లేకపోతే విప్పగానే ఆ చెత్తంతా సిలిండర్‌లో పడుతుంది. తర్వాత రంపంతో వచ్చిన టీ పానాతో ప్లగ్గు విప్పండి.

ఇప్పుడు ప్లగ్గు కొనను వేలితో తాకండి. పొడిగా ఉందా? పెట్రోలుతో తడిగా ఉందా? నల్లటి జిడ్డు మసి పట్టి ఉందా?

పొడిగా ఉంటే సిలిండర్‌లోకి పెట్రోలు రావడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ రావడం లేదు, లేదా పెట్రోలు మరీ ఎక్కువై ముంచేసింది. నల్లటి జిడ్డు ఉంటే గాలి చాలక, లేదా నూనె ఎక్కువై, సరిగా కాలడం లేదు. ఇంతే. ఈ మూడు దారుల్లో మీది ఏదో తెలుసుకున్నాక మిగతా రెండింటి జోలికి పోనక్కర్లేదు.

మావయ్య ప్లగ్గు పొడిగా ఉంది. పైన మసి కూడా పెద్దగా లేదు. కాబట్టి పొడి దారినే ముందు, వివరంగా చెబుతాను. ఏళ్ళ తరబడి మూలన పడ్డ రంపాలు ఎక్కువగా ఈ దారిలోనే దొరుకుతాయి.

ప్లగ్గు పొడిగా ఉంటే

మొదట ఒక చిన్న పరీక్ష. ప్లగ్గు రంధ్రంలో నూనె కలిపిన పెట్రోలు నాలుగైదు చుక్కలు సిరంజితో వేయండి. ఉత్త పెట్రోలు వేయకండి. ప్లగ్గు బిగించి, చోక్ తెరిచి, లాగండి. రెండు క్షణాలు పలికి ఆగిపోతే అది చాలా మంచి కబురు. ఒత్తిడి ఉంది, నిప్పురవ్వ ఉంది, ఇంజిన్ బతికే ఉంది. ట్యాంకు నుంచి సిలిండర్‌కు వచ్చే దారి మాత్రం మూసుకుపోయింది. మావయ్య రంపం ఇక్కడ ఒక్కసారి గట్టిగా గర్జించి ఆగింది. ఆ ఒక్క చప్పుడుకే ఆయన అరుగు మీంచి లేచి వచ్చాడు.

ఆ దారిని ట్యాంకు వైపు నుంచి చూసుకుంటూ రావాలి. పాత సైకిల్ పుల్ల ఒకటి తీసుకుని కొన కొక్కెంలా వంచండి. ట్యాంకు మూత రంధ్రంలోంచి దింపి, లోపలి సన్న పైపును మెల్లగా బయటికి లాగండి. దాని చివర ఉన్నదే ఫిల్టర్. అది నల్లబడి, జిగురు పట్టి ఉంటే కడగడం వృథా, కొత్తది వేయండి. చాలా చవక వస్తువు. అదే సమయంలో పైపును వంచి చూడండి. మెత్తగా వంగాలి. వంచినచోట పగుళ్ళు తేలినా, ట్యాంకు గోడలోంచి దూరే చోట చీలిక ఉన్నా అది పెట్రోలుకు బదులు గాలి లాగుతుంది. ప్రైమర్ బుడ్డి ఎంత నొక్కినా అందులో బుడగలు ఆగకుండా వస్తుంటే పైపు మీదే మొదటి అనుమానం. తైవాన్ స్ప్రేయర్లు బాగుచేసే కొట్టులో ఈ పైపు ముక్కలు దొరుకుతాయి. లావు మాత్రం పాత ముక్క చూపించి కొనండి.

ట్యాంకు మూతను కూడా వదలకండి. పెట్రోలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవడానికి ఒక సన్నటి దారి ఉంటుంది, కొన్నింటికి మూతలో, కొన్నింటికి విడిగా. అది పూడుకుపోతే రంపం లేస్తుంది, నాలుగు నిమిషాలు కోస్తుంది, ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్ళీ లేస్తుంది. ఆగిన వెంటనే మూత కాస్త వదులు చేస్తే సుయ్‌మని గాలి లోపలికి పోతున్న చప్పుడు వినిపిస్తే దోషం అదే. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మూత పూర్తిగా తీయకండి.

ఫిల్టర్, పైపు, మూత బాగున్నా పెట్రోలు రాకపోతే కార్బొరేటర్ విప్పాలి. భయపడే పని కాదు, కానీ తొందరపడే పని కూడా కాదు. ఒక పళ్ళెంలో తెల్లగుడ్డ పరచండి. ఒక్కో అడుగుకూ ఫోనులో ఒక ఫొటో తీయండి. ఎయిర్ ఫిల్టర్ తీస్తే వెనక రెండు నట్లతో కార్బొరేటర్ కనిపిస్తుంది. చోక్ పుల్ల, యాక్సిలరేటర్ పుల్ల ఎలా తగిలించి ఉన్నాయో ఫొటో తీసి అప్పుడు విప్పండి.

చైనా 58 సీసీ రంపాల్లో వచ్చే కార్బొరేటర్‌కు ఒకవైపు నాలుగు స్క్రూల మూత, ఇంకోవైపు ఒకే స్క్రూ ఉన్న మూత ఉంటాయి. నాలుగు స్క్రూల మూత కింద నల్లటి పలచటి పొర ఉంటుంది, మధ్యలో ఒక లోహపు బొడిపెతో. అదే డయాఫ్రమ్. ఇంజిన్ లాగే గాలికి అది కదిలి, కింద ఉన్న చిన్న మీటను నొక్కుతుంది. మీట ఒక సూదిని పైకి లేపుతుంది. అప్పుడే పెట్రోలు లోపలికి వస్తుంది. మన కథంతా ఈ పొర మెత్తదనం మీదే నడుస్తుంది. వేలితో కదిపితే అది పట్టుగుడ్డలా వంగాలి. ఎండిన అరిటాకులా పెళపెళమంటే అది మీటను నొక్కలేదు, పెట్రోలు రాదు. మావయ్య రంపంలో అది సరిగ్గా అలాగే ఉంది. పోయింది కార్బొరేటర్ కాదు, అందులోని ఒక్క పొర.

ఒకే స్క్రూ ఉన్న రెండో మూత కింద ఇంకో పొర, దాని పక్కనే చిన్న గుంటలో గోరు కన్నా చిన్న జాలీ ఉంటాయి. ఆ జాలీలో ఎర్రటి జిగురు, రంపపు పొడి పేరుకుని ఉంటాయి. సన్నటి మొనతో మెల్లగా బయటికి తీసి కడగండి. రెండు పొరలు, జాలీ, సూది, గాస్కెట్లు (సందులు మూసే పలచటి అట్టలు) కలిపి కిట్‌గా దొరుకుతాయి. కార్బొరేటర్ మీద అచ్చువేసిన పేరు, అక్షరాలు ఫొటో తీసుకుని వెళ్తే సరైన కిట్ ఇస్తారు.

లోపలి సన్న రంధ్రాలను కార్బొరేటర్ క్లీనర్ స్ప్రేతో కడగండి. గుండుసూది, ఇనుప తీగ దూర్చకండి. ఆ రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. స్ప్రే కొట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోవాలి, ఎందుకంటే ఒక రంధ్రంలో కొట్టింది ఇంకో రంధ్రంలోంచి నేరుగా కంట్లోకి వస్తుంది. బిగించేటప్పుడు వరస ముఖ్యం. నాలుగు స్క్రూల వైపు ముందు గాస్కెట్, దాని మీద పొర, ఆపైన మూత. ఒకే స్క్రూ వైపు ముందు పొర, తర్వాత గాస్కెట్, ఆపైన మూత. చాలామంది ఈ రెండో వైపు తారుమారు చేసి, కొత్త కిట్ కూడా పనిచేయలేదని పారేస్తారు. మీటను వంచకండి, ఉన్న ఎత్తులోనే ఉండనివ్వండి.

ఇక ఎల్, హెచ్ అనే అక్షరాల పక్కన ఉండే రెండు స్క్రూలు. ఎల్ తక్కువ వేగంలో, హెచ్ పూర్తి వేగంలో పెట్రోలు ఎంత రావాలో చూస్తాయి. వాటిని తీయాల్సి వస్తే ముందు లోపలికి మెల్లగా తిప్పుతూ, అడుగు తగిలేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కాగితం మీద రాయండి. తిరిగి పెట్టేటప్పుడు అంతే వెనక్కి తిప్పాలి. లెక్క తెలియకపోతే రెండింటినీ అడుగు నుంచి ఒక చుట్టు వెనక్కి తిప్పి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. అడుగు తగిలాక బిగించకండి, సూదిమొన పాడవుతుంది.

హెచ్ స్క్రూ గురించి ఇంకొక్క మాట చెప్పి తీరాలి. నేను బాగుచేసిన మొదటి రంపంలో దాన్ని లోపలికి తిప్పేకొద్దీ ఇంజిన్ సన్నగా, వేగంగా అరిచింది. అది బలం అనుకున్నాను. నిజానికి పెట్రోలు తగ్గిపోయింది. పెట్రోలుతోపాటే నూనె కూడా తగ్గిపోయింది. అరగంట కోసేసరికి పిస్టన్ పట్టేసింది. ఆ రంపం ఒక కౌలు రైతుది, పని మధ్యలో ఆగిపోయింది. సిలిండర్ కిట్ నా డబ్బుతో వేయించి ఇచ్చాను. ఆయన రెండు రోజుల కూలీ మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను. దుంగలో పెట్టకుండా పూర్తి వేగంలో నడిపినప్పుడు రంపం చప్పుడు కాస్త బొంగురుగా, తడబడుతున్నట్టు ఉండాలి. దుంగలో దిగాక ఆ తడబాటు పోయి నిక్కచ్చిగా పలకాలి. దుంగ లేకుండానే సన్నగా కేకపెడుతుంటే వెంటనే ఆపి, హెచ్‌ను బయటికి తిప్పండి.

ప్లగ్గు తడిగా ఉంటే

ప్లగ్గును బయటే క్యాప్‌లో పెట్టి, దాని మరల భాగం సిలిండర్ లోహానికి ఆనించి, స్విచ్ ఆన్ చేసి తాడు లాగండి. నీడలో చేస్తే నీలి రవ్వ కనిపిస్తుంది. ప్లగ్గును రంధ్రానికి వీలైనంత దూరంలో ఆనించండి. ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, రవ్వ తగిలితే అంటుకుంటుంది. ఒలికిన పెట్రోలు తుడిచి, ఆరాకే ఈ పరీక్ష.

రవ్వ రాకపోతే ముందు కొత్త ప్లగ్గు. చైనా రంపాలకు ఎల్8ఆర్‌టీఎఫ్ అనే రకం సరిపోతుంది, కొనల మధ్య సందు 0.6 నుంచి 0.7 మి.మీ. బైకు ప్లగ్గు మర సరిపోయిందని బిగించకండి. దాని కొన పొడవైతే పిస్టన్‌కు తగిలి గుద్దుకుంటుంది. కొత్త ప్లగ్గుతోనూ రవ్వ లేకపోతే, పైకవర్ తీసి, ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్ నుంచి స్విచ్‌కు వెళ్ళే సన్నటి వైరును కాయిల్ దగ్గర పీకి మళ్ళీ చూడండి. రవ్వ వచ్చిందంటే కాయిల్ మంచిదే. ఆ వైరు ఎక్కడో ఒరుసుకుని లోహానికి తగులుతోంది, లేదా స్విచ్ చెడింది. బాగుచేసి వైరు మళ్ళీ తగిలించాకే రంపం వాడాలి. ఆపడానికి వీల్లేని రంపంతో ఒక్క కొమ్మ కూడా కోయకూడదు.

అప్పటికీ రాకపోతే కాయిల్ పక్కనే తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్, అయస్కాంతాలను చూడండి. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో వాటి మీద, కాయిల్ కాళ్ళ మీద తుప్పు పొర కడుతుంది. ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య సందు 0.3 మి.మీ. ఉంటే చాలు. విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి, అయస్కాంతం కాయిల్‌ను లాక్కున్నాక స్క్రూలు బిగించి, కార్డు లాగేయండి. ఇదంతా చేశాక కూడా రవ్వ లేకపోతేనే కాయిల్ మార్చండి.

రవ్వ బాగుండి ప్లగ్గు తడిగా ఉంటే ఇంజిన్ మునిగిపోయింది. ప్లగ్గు విప్పి, స్విచ్ ఆఫ్ చేసి, రంపాన్ని బోర్లించి పదిసార్లు లాగితే ఎక్కువైన పెట్రోలు బయటికి వచ్చేస్తుంది. ప్లగ్గు ఆరబెట్టి బిగించి, చోక్ పూర్తిగా తెరిచి, యాక్సిలరేటర్ నొక్కి ఉంచి లాగండి.

నల్లటి జిడ్డు దారి చిన్నది. ఎయిర్ ఫిల్టర్ సబ్బునీళ్ళలో కడిగి బాగా ఆరబెట్టండి. సైలెన్సర్‌లో నిప్పురవ్వలు ఆపే జాలీ ఉంటే తీగ బ్రష్షుతో మసి రుద్దేయండి. కొలిచి కలిపిన కొత్త పెట్రోలు పోయండి. రంపం లేస్తుంది కానీ బలం లేదు అనేవాళ్ళలో చాలామందికి మందు ఈ జాలీ దగ్గరే ఉంటుంది.

లేపే పద్ధతి

లుంగీ, వేలాడే కండువా, వదులు చొక్కా వద్దు. మందపాటి ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు, చెవులకు అడ్డు ఉండాలి. రంపం చప్పుడు చెవికి చేసే హాని అప్పటికప్పుడు తెలియదు.

చైన్ బిగువు ముందు చూసుకోండి. కింది పళ్ళు బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఉక్కు పట్టీ) గాడిలోంచి బయటికి వేలాడకూడదు. ఇంజిన్ ఆపి ఉండగా చేతి తొడుగుతో లాగితే సాఫీగా జరగాలి. చైన్ తిప్పి వేయాల్సి వస్తే, క్లచ్ కవర్ (బార్ మొదట్లో ఉండే పక్క మూత) విప్పడానికి ముందే బ్రేక్ హ్యాండిల్‌ను, అంటే ముందు పిడికి ఎదురుగా ఉండే అడ్డును, మీ వైపు లాగి ఉంచండి. బ్రేక్ పడి ఉండగా విప్పితే కవర్ మళ్ళీ కూర్చోదు. బార్ పై అంచున కోసే పళ్ళ మొనలు బార్ ముక్కు (చివరి కొన) వైపు చూడాలి.

ఆ పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు ఉన్నాయి చూశారా? 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జో కాక్స్ అనే ఆయన కట్టెలు కొడుతుండగా, ఒక మొద్దులో పురుగు పిల్ల కనిపించింది. గట్టి చెక్కను అది తన రెండు దవడలతో కుడికీ ఎడమకూ మార్చి మార్చి కొరుక్కుంటూ నిలువుగానూ అడ్డంగానూ అవలీలగా పోతోంది. ఆ దవడల వంపును ఉక్కులో చేసి, మరుసటి ఏడాది ఇంట్లోనే చైన్ల తయారీ మొదలుపెట్టాడు. ఇవాళ మన చేతిలో ఉన్న పళ్ళ ఆకారం దానికి వారసే. ఆయన ముందున్నవీ వంటచెరకు మొద్దులే కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

చైన్ నూనె ట్యాంకు నింపండి. బైకు నుంచి తీసిన నల్ల నూనె పోయకండి. అందులో లోహపు పొడి ఉంటుంది, పంపును తినేస్తుంది, తుంపరలు మీ చేతుల మీదే పడతాయి. చైన్ నూనె దొరకకపోతే కొత్త ఇంజిన్ నూనె వాడుకోవచ్చు.

ఇప్పుడు రంపాన్ని గట్టి నేల మీద పెట్టండి, చైన్ దేనికీ తగలకూడదు. బ్రేక్ హ్యాండిల్ ముందుకు నెట్టండి. ఎడమచేత్తో ముందు పిడిని నేలకేసి అదిమి, కుడికాలి బూటు మొన వెనక పిడిలో పెట్టండి. కుడిచేత్తో తాడును బిగుసుకునేదాకా మెల్లగా లాగి, అక్కడి నుంచి చురుగ్గా లాగాలి. చివరంటా లాగకండి, వదిలేయకండి, చేత్తోనే వెనక్కి పోనివ్వండి. గాలిలో వేలాడదీసి ఒంటి చేత్తో లేపడం చాలామంది చేస్తారు. తిరిగే చైన్ తొడ మీదికి రావడానికి ఒక్క తడబాటు చాలు.

చోక్ మూసి లాగితే రెండు మూడు లాగుళ్ళలో ఒక్కసారి "బుడ్" అని పలుకుతుంది. అది వినడం ముఖ్యం. వినగానే చోక్ తెరిచేయాలి. విన్నాక కూడా చోక్ మూసి లాగితే ఇంజిన్ మునుగుతుంది, మళ్ళీ తడి దారి మొదలు. చోక్ తెరిచి ఇంకో నాలుగైదు లాగుళ్ళకు లేవాలి. లేచిన వెంటనే యాక్సిలరేటర్ ఒక్కసారి చిన్నగా నొక్కి వదలండి, వేగం దిగుతుంది. అప్పుడు బ్రేక్ హ్యాండిల్ వెనక్కి లాగండి. బ్రేక్ పడి ఉండగా ఇంజిన్‌ను వేగంగా నడిపితే క్లచ్ కాలిపోతుంది.

మావయ్య రంపం కిట్ వేశాక మూడో లాగుడుకు బుడ్ అంది, చోక్ తెరిచాక రెండో లాగుడుకు లేచింది. మొదట తెల్లటి పొగ కమ్మేసింది. నిమిషం తర్వాత తగ్గింది. మావయ్య తన చేత్తో ఆపి, మళ్ళీ తనే లాగి చూసుకున్నాడు. ఒకే లాగుడు.

లేచాక మూడు చూడండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు చైన్ కదలకూడదు. కదులుతుంటే టీ అక్షరం పక్కనున్న స్క్రూను కాస్త బయటికి తిప్పి వేగం తగ్గించండి. సగం వేగంలో బ్రేక్ హ్యాండిల్ నెడితే చైన్ టక్కున ఆగాలి. ఆగకపోతే కోత మొదలుపెట్టవద్దు. మూడోది, ముక్కును ఒక అట్టముక్కకు జానెడు ఎత్తులో పట్టి పూర్తి వేగంలో నడిపితే అట్ట మీద సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే బార్ విప్పి, దాని నూనె రంధ్రాన్ని, గాడిని శుభ్రం చేయండి.

ఈ వారం ఇంతవరకే. దుంగల జోలికి ఇంకా వెళ్ళకండి, మొద్దుబారిన చైన్‌తో కోస్తే రంపం కన్నా ముందు మీరు అలసిపోతారు. వచ్చే పాఠంలో ఆకురాయి పడదాం. అప్పటికి మీ చైన్ పిచ్, అంటే చైన్ లింకుల ఎడం అంగుళాల్లో ఎంతో బార్ మీద చూసి రాసుకోండి. 0.325 అని ఉంటే 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, సన్నటి 3/8 చైన్ ఉన్న చిన్న రంపమైతే 4 మి.మీ.ది కొనండి. ఆకురాయికి ఒక కర్ర పిడి, పళ్ళను గుర్తు పెట్టుకోవడానికి ఒక మార్కర్ పెన్ను కూడా దగ్గర పెట్టుకోండి.